లోపల ఇద్దరం

నమోదు 1. తలుపు మూసి గంట. లోపల ఇద్దరం.

పుస్తకంలో ముందు లోపల ఎంతమంది ఉన్నారో రాయాలి, ఆ తర్వాతే మిగతా సొద. ఇది అప్పయ్యమ్మ పెట్టిన నియమం. నాకు ముందు ముప్పై ఏళ్ళు ఈ ఊరి క్లస్టర్‌ని, అంటే ఊరిని నడిపే యంత్రాల గుంపుని, చూసుకున్న మనిషి ఆమె. యంత్రం రాసుకునే లాగ్ యంత్రంతోపాటే మునిగిపోతుందని, అప్‌డేట్ చేసిన ప్రతిసారీ చేత్తో కూడా రాయించేది. మరిచిపోతే నెత్తిన మొట్టేది. ఇప్పుడామెకు ఎనభై రెండు. మొట్టే ఓపిక పోయింది గానీ, ఫలానా రోజు రాశావా అని అడగడం మానలేదు.

లోపల అంటే పరీక్ష గదిలో. ఒక పక్క ఊరి తలుపు, ఇంకో పక్క సముద్రపు తలుపు, మధ్యలో నాలుగు అడుగులు వేస్తే అయిపోయే ఇనుప గది. సముద్రపు తలుపు అవతల ఎనభై బారల లోతు నీళ్ళు. సముద్రం అడుగున ఉన్న మా అడుగూరులో ఎవరు ఏ సర్వీసు వెర్షన్ మార్చినా, మార్చేవాళ్ళు ఈ గదిలో ఉండి మార్చాలి. ఇంకొకరి ప్రాణంతో ప్రయోగం చేసేటప్పుడు ముందు నీ ప్రాణం పెట్టు అని దాని అర్థం. క్లస్టర్ కాపరితోపాటు, అంటే ఇప్పుడు నాతోపాటు, వంతు వచ్చిన ఇంటి నుంచి ఒకరు రావాలి. ఈసారి వంతు మా వియ్యపురాలు నూకాలు వాళ్ళింటిది. ఆమె కొడుకు ధర్మారావుకి నాచు పొలంలో వెల్డింగ్ పని ఉంది. "కూకోడమే గదా, నానెల్తాను" అని ఈమె వచ్చి కూర్చుంది.

పని చిన్నదే. ఊళ్ళో డెబ్బై ఎనిమిది తలుపుల్నీ తలుపుల సర్వీసే తెరుస్తుంది, మూస్తుంది. అది మూడు కంటైనర్లలో నడుస్తుంది. మా ఊళ్ళో వాటిని డబ్బాలంటారు. వెర్షన్ మార్చేటప్పుడు మూడింటినీ ఒకేసారి దించం. ముందు కొత్త డబ్బా ఒకటి లేపి, దానికి ఈ గదిని అప్పజెబుతాం. అది గది తలుపుల్ని తెరిచి మూసి చూసుకుని 'సిద్ధం' అంటుంది. అప్పుడు పాత డబ్బా ఒకటి దించుతాం. ఇలా మూడుసార్లు. పప్పు ఉడికేలోపు అయిపోవాలి.

గంటైంది. కొత్త డబ్బా 'సిద్ధం' అనలేదు. నూకాలు చద్దిమూట విప్పింది.

"పనయ్యేదాకా ఆగలేవా వదినా?" అన్నాను.

"పని నీ డబ్బాకి. ఆకలి నాకు," అంది.

నమోదు 2. ఐదు గంటలు. లోపల ఇద్దరం.

రెండు నిమిషాలకోసారి పరీక్ష మొదలవుతుంది, ఆగిపోతుంది. ఎందుకని అడిగితే చేతిలోని తెర పలక మీద ఒకటే జవాబు, 'గది నిబంధన నెరవేరలేదు' అని. ఏ నిబంధన అంటే చెప్పదు. మా ఆయనా ఇంతే ఉండేవాడు. అలిగేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు.

ఈ వెర్షన్ నీళ్ళ పైనుంచి, నేల మీది వాళ్ళ దగ్గర్నుంచి వచ్చి రెండేళ్ళైంది. పైవాళ్ళు ఒకే కట్టలో ఏడు సర్వీసులకు కొత్తవి పంపారు. ఆ తర్వాత వాళ్ళ నుంచి ఉలుకూ పలుకూ లేదు. తలుపుల జోలికి వెళ్ళొద్దని పెద్దలు అన్నారు. పోయిన నెల నాచు పొలం తలుపు ఒక మనిషిని లోపల పెట్టుకుని పూటంతా తెరుచుకోలేదు. అప్పుడు వాళ్ళే వచ్చి, మార్చు మరిడమ్మా అన్నారు.

గోడకున్న మాట గొట్టంలోంచి మా అమ్మాయి దమయంతి రెండుసార్లు పలకరించింది. నూకాలు కోడలు కూడా అదే. ఊళ్ళో పుట్టినవాళ్ళ పేర్లు ఎక్కించి, పోయినవాళ్ళ పేర్లు కొట్టేసే పేర్ల గదిలో దాని ఉద్యోగం.

"అమ్మా, భోజనానికొత్తారా, ఎత్తి పెట్టీమంటావా?"

"ఎత్తి పెట్టు," అన్నాను.

నూకాలు నా వంక చూసింది. "మొన్న నీ కూతురు సేత నాచు పులుసు ఒండించినానని గాదు గదా ఈ తలుపు మూయించినావు?"

"ఆ కసి వేరే ఉన్నాది వదినా. అది తీర్సుకోడానికి ఇంత పెద్ద తలుపక్కరనేదు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికింకా నవ్వు వస్తోంది.

నమోదు 3. పన్నెండు గంటలు. లోపల ఇద్దరం.

ఇక లాభం లేదని వెనక్కి తిప్పాను. పాత వెర్షనే ఉండనీ, కొత్తది వద్దు అని ఆజ్ఞ ఇచ్చాను. క్లస్టర్ సరేనంది. కొత్త డబ్బాని ఆగిపొమ్మంది. అదీ సరేనంది. అని, 'ముగుస్తోంది' దగ్గర కూర్చుంది. డబ్బా మర్యాదగా చావాలంటే చేతిలో ఉన్న పని ఇంకొకరికి అప్పగించాలి. దాని చేతిలో ఉన్న పని ఈ గది. నాలుగు గంటలుగా ముగుస్తూనే ఉంది.

బలవంతంగా చంపాను. ఏడు సెకన్లపాటు గదికి యజమాని లేకుండా పోయింది. పాత డబ్బాలు గది వైపు తొంగి చూశాయి, పరీక్ష సగంలో ఉన్న గది మాకొద్దన్నాయి. ఎవరూ తీసుకోని గదిని క్లస్టర్ మళ్ళీ కొత్త డబ్బాకే కట్టబెట్టింది. అలా ఇంకోటి పుట్టింది. మళ్ళీ చంపాను, మళ్ళీ పుట్టింది. మూడోదాని తర్వాత చేతులు ముడుచుకున్నాను.

పూర్వం ఊరి తలుపుకి చేత్తో తిప్పే చక్రం ఉండేది. ఎవడో తాగి తిప్పితే ఒక వీధి వీధే మునిగింది. అప్పటినుంచి చక్రాలు పీకేసి తలుపులన్నీ సర్వీసు చేతిలో పెట్టారు. ధర్మారావు గొట్టంలో, కట్టర్ తెచ్చి తలుపు కోసేస్తానన్నాడు. పెద్దలు ఒప్పుకోలేదు. వాళ్ళని తప్పు పట్టలేను. ఊరి తలుపు కోస్తే ఆరువందల మందికీ సముద్రానికీ మధ్య ఒక్క తలుపే మిగులుతుంది, దానికి ఎనభై ఏళ్ళు.

గదిలో గాలి సీసాలు నాలుగు. ఇద్దరికి ఒక్కోటి పద్దెనిమిది గంటలు వస్తుంది. ఆ లెక్క నూకాలుకి చెప్పలేదు. ఆమె నన్ను అడగకుండా సీసాలు వేళ్ళతో లెక్కపెట్టుకోవడం చూశాను.

నమోదు 4. ఇరవై గంటలు. లోపల ఇద్దరం.

ఉదయం దీపాలు వెలిగాక దమయంతి అప్పయ్యమ్మని గొట్టం దగ్గరికి నడిపించుకొచ్చింది. పలక మీద ఉన్న మాట చదివి వినిపించాను. అవతల చాలాసేపు దగ్గు.

"ఒసే మరిడీ, గదిలో జనం ఉంటే పరీచ్చ జరగదే," అంది.

"ఇన్నేళ్ళూ జరిగింది గదా మామ్మా. నానూ నువ్వూ ఎన్నిసార్లు కూకున్నాం ఇక్కడ?"

"జరిగినాది. నానొక లైను ఏసినాను గాబట్టి. లోపల ఇద్దరున్నా పరవానేదు, నీళ్ళు మాత్రం ఒదలొద్దు అని."

"ఎక్కడేసినావు?"

మళ్ళీ దగ్గు. "డబ్బాలోనే. నడుస్తన్నదాంట్లోనే సెయ్యెట్టి రాసీసినాను. మూడింట్లోనూ."

"అచ్చులో రాయనేదా?"

"ఆ రోజు బేగి పని గావాల, టైము నేదు. తరవాత రాద్దారనుకున్నాను."

"ఎప్పుడది?"

"మీ దమయంతి పుట్టినేడు."

డబ్బా అచ్చులోంచి పుడుతుంది. అచ్చులో లేనిది, నడుస్తున్న డబ్బాలో మనం చేత్తో రాసినది, ఆ డబ్బాతోపాటే పోతుంది. ఈ పనిలో చేరిన మొదటి రోజున నేర్పే పాఠం ఇదే. నాకు నేర్పింది అప్పయ్యమ్మే.

ఇరవై ఆరేళ్ళుగా మిగతా సర్వీసులు ఎన్నో మార్చాం. తలుపుల డబ్బాల్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. మా తలుపుల డబ్బాలు ఒక్క నిమిషం కూడా ఆగలేదని ఏటా పండగలో మైకులో చెప్పుకునేవాళ్ళం. నేనే చెప్పేదాన్ని. ఒక్కసారి ఆగి లేచి ఉంటే ఆ లైను లేదని ఆనాడే తెలిసేది.

ఆమెని తిట్టాను. ఎనభై రెండేళ్ళ మనిషిని, నాకు అన్నం పెట్టిన విద్య నేర్పిన మనిషిని, నోటికొచ్చినట్టు తిట్టాను. చివరికి నూకాలే నా భుజం పట్టుకుని లాగింది.

"ఒగ్గీ వదినా. ఆవిడ రాసినాది, నువ్వు సూడనేదు. ఇద్దరూ ఇద్దరే."

కోపం వచ్చింది, నిజం కాబట్టి.

నమోదు 5. ముప్పై ఒక్క గంటలు. లోపల ఇద్దరం.

ఆ లైను కొత్త డబ్బాలో రాద్దామంటే కొత్తవాటికి మూత సీలు. లోపల చెయ్యి పెట్టనివ్వవు. అచ్చు మళ్ళీ పోసుకుందామంటే దాని మీద పైవాళ్ళ ముద్ర పడాలి. అడిగితే ఏడాదికో, రెండేళ్ళకో. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పొద్దున్నుంచి ఆ నిబంధన ఎలా పనిచేస్తుందో పలక మీద చదువుతున్నాను. గదిలో మనుషులున్నారో లేదో డబ్బా కళ్ళతో చూడదు. మా అందరికీ మణికట్టు చర్మం కింద ఒక గింజ ఉంటుంది. ఈ గదిలో ఎవరి గింజలున్నాయి, వాళ్ళలో బతికున్నవాళ్ళు ఎంతమంది అని పేర్ల గదిని అడుగుతుంది. పేర్ల గది 'ఇద్దరు' అంటుంది. డబ్బాకి సున్నా కావాలి.

గింజ కోసి తీసేద్దాం అన్నాడు ధర్మారావు. తీసినా అది ఈ గదిలోనే ఉంటుంది. చితక్కొడితే మనిషి తప్పిపోయిందని ఊరంతా గంటలు మోగి, ఆ మనిషి దొరికేదాకా తలుపులన్నీ బిగుసుకుంటాయి.

అప్పుడు మా ఆయన గుర్తొచ్చాడు. ఆరేళ్ళ కిందట ఆయన్ని ఈ గదిలోంచే సముద్రానికి పంపాం. ఇప్పుడు నూకాలు కూర్చున్న చోటే చాప చుట్టి పడుకోబెట్టాం. గింజ ఆయన చేతిలోనే ఉంది. అయినా దమయంతి పేర్ల గదిలో వాళ్ళ నాన్న పేరు కొట్టెయ్యగానే, తలుపు 'గది ఖాళీ' అని పలికింది.

పుస్తకం మూసేశాను. తెరిచి మళ్ళీ రాస్తున్నాను. దారి ఉంది. మా ఇద్దరి పేర్లూ కొట్టెయ్యాలి.

నమోదు 6. నలభై గంటలు. లోపల ఇద్దరం.

"నాను సావను," అంది నూకాలు.

"నిజంగా గాదు వదినా. పేరు మాత్రమే."

"పేరు పోయినాక తిరిగి ఎక్కించుకోవచ్చా?"

ఆమెకు తెలిసే అడిగింది. వెనకటికి చచ్చినవాళ్ళ పేర్లు మళ్ళీ లేపి, వాళ్ళ వాటా తిండీ గాలీ కొందరు ఏళ్ళ తరబడి తిన్నారు. అది బయటపడ్డాక, ఒకసారి కొట్టేసిన పేరు ఊళ్ళో ఎవరూ లేపడానికి వీల్లేకుండా బిగించారు. లేపితే పైవాళ్ళే లేపాలి.

"అంటే నా కొడుకింటి తలుపు నాకు తెరుసుకోదు," అంది. "వంటసాల తలుపు తెరుసుకోదు. మనవడో మనవరాలో పుడితే సూడ్డానికెల్లాలంటే ఎవులో ఒకరు తోడు రావాల. అంతేనా?"

"అంతే."

"ఏటి బతుకది?"

నాకు సిగ్గేసింది. కూర్చోవడమే కదా అని వచ్చిన మనిషి. చూడాల్సిన పని నాది, చూడలేదు, దానికి ఈమె బతుకు పోతోంది. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె ఓదార్చలేదు. ఓదార్చనందుకు ఆమె మీద గౌరవం పెరిగింది.

దమయంతికి గొట్టంలో చెప్పాను. అది వినగానే "రాయను" అంది. "అమ్మా, నాన్న పేరు కొట్టినాను ఈ సేత్తో. మళ్ళీ నీదీ, అత్తదీనా? ఇంకేటైనా సూడు. నువ్వు ఎప్పుడూ ఏదో ఒకటి సూత్తావు గదా." అని వెళ్ళిపోయింది. దాని అడుగుల చప్పుడు గొట్టంలో వినిపించింది.

చూడటానికి ఇంకేం మిగల్లేదు. అయినా దాని మాట కాదనలేక, చదివిందే నాలుగుసార్లు చదివాను.

నమోదు 7. యాభై ఎనిమిది గంటలు. లోపల ఇద్దరం.

నాలుగో సీసా తెరిచాం. తల దిమ్ముగా ఉంది, రాత వంకర పోతోంది.

రెండు గంటల కిందట ఊరి తలుపు అవతలి నుంచి సన్నగా రొద మొదలైంది. నాకన్నా ముందు నూకాలు గుర్తుపట్టింది. అది కట్టర్ చప్పుడు. ధర్మారావు పెద్దల మాట కాదని కోత మొదలుపెట్టాడు. ఆమె మోకాలి నొప్పి కూడా మరిచి గొట్టం దగ్గరికి దూకింది.

"ఒరే ధర్మా! ఆపరా! తలుపు కోత్తే ఊరు మునుగుతాదిరా ఎదవా!"

రొద ఆగింది. "నిన్ను ఒగ్గీమంటావేటే అమ్మా?" అన్నాడు వాడు.

"నన్ను ఒగ్గక్కర్నేదు. నీ పెళ్ళాన్ని పిలు. మా పేర్లు కొట్టీమను." నా వంక తిరిగింది. "నాను సస్తే ఒక పేరు పోతాది. ఈడు కోత్తే ఆరొందల పేర్లు పోతాయి. రోట్లో తల పెట్టినాక రోకటి పోటుకి బయపడితే ఎలాగ? నడు, ఏటి సెయ్యాలో సెప్పు."

చెప్పాను. మా పేర్లు పోయాక గది ఖాళీ అంటుంది. ఒత్తిడి సరిచూసుకోవడానికి నిమిషం తీసుకుంటుంది. తర్వాత ఊరి తలుపు తొమ్మిది సెకన్లు తెరిచి మూస్తుంది. మూశాక సముద్రపు నీళ్ళు గది నిండా వదిలి, మళ్ళీ తోడేస్తుంది. ఆ తొమ్మిది సెకన్లలో మేం బయటపడాలి.

పరుగు సాధన చేశాం. గడప మోకాలెత్తు ఉంటుంది. ఆమె కుడి మోకాలు వంగదు. మొదట వీపు మీద ఎక్కించుకున్నాను. ఇద్దరం కలిసి గోడకి గుద్దుకున్నాం. "నా కూతురు పెళ్ళిలో తిన్నాదంతా ఇక్కడే ఉన్నాదొదినా" అన్నాను. ఆమె నా వీపు మీద ఒకటి ఇచ్చింది. చివరికి ఆమె ముందు, తలుపుకి ఆనుకుని నిలబడాలి. తెరుచుకోగానే కుడికాలు చేత్తో ఎత్తి గడప దాటించాలి. నేను వెనక నుంచి తొయ్యాలి. మొదటిసారి పద్నాలుగు అంకెలు పట్టింది. పదోసారి ఎనిమిది.

ధర్మారావు వెళ్ళి చెప్పాక దమయంతి ఒప్పుకుని, పేర్ల గదిలోంచి మాట్లాడింది. రెండో సాక్షిగా అప్పయ్యమ్మ పక్కనే ఉందట. కొట్టేసేటప్పుడు ఎలా పోయారో రాయాలి, ఆ గడి ఖాళీగా ఉంటే పేరు పోదు.

"ఏటి రాయనమ్మా?"

"పని మీద అని రాయి," అన్నాను.

పుస్తకం జాకెట్లో దోపుకుంటున్నాను.

నమోదు 8. మర్నాడు. లోపల ఎవరూ లేరు. బయట ఇద్దరం.

తలుపు గొంతు 'గది ఖాళీ' అంది. ఇద్దరం చేతులు పట్టుకుని ఆ నిమిషం లెక్కపెట్టాం.

తలుపు తెరుచుకోగానే నూకాలు కాలెత్తింది. పదిసార్లు సాధన చేసిన మనిషి పదకొండోసారి గడప మీద పడింది. అవతల ధర్మారావు ఆమె రెండు చేతులూ పట్టుకుని లాగాడు. నేను ఇవతల నుంచి భుజంతో తోశాను. ఆరు అని ఎవరో అరిచారు. ఆమె మీదుగా నేనూ దొర్లాను. తలుపు అంచు నా మడమ చర్మం ఒలుచుకుని మూసుకుంది. మరుక్షణం అవతల నీళ్ళు వచ్చి తలుపుని గుద్దాయి. ఆ చప్పుడు నేలలోంచి నా దవడలోకి వచ్చింది.

నీళ్ళు తోడేశాక కొత్త డబ్బా 'సిద్ధం' అంది. ఇన్నేళ్ళ అలవాటు, పలక అందుకుని వెనక్కి తిప్పిన ఆజ్ఞ రద్దు చేసి, మొదటి పాత డబ్బాని దించబోయాను. 'ఈ పేరు గలవారు లేరు' అంది పలక. మిగతా పని దమయంతి పేరు మీద అప్పయ్యమ్మ చేయించింది. మూడూ మారాయి. తలుపులు ఇప్పుడు చెప్పీ చెప్పకముందే తెరుచుకుంటున్నాయి. మంచి వెర్షన్.

దమయంతి పరిగెత్తుకుంటూ వచ్చి నా మొహమంతా తడిమింది. కొట్టేసిన చేతిని కొంగులో దాచుకుని ఉంది. ఆ చెయ్యి బయటికి లాగి పట్టుకున్నాను.

నమోదు 9. నలభయ్యో రోజు.

లోపల ఎంతమందో ఏమని రాయాలో తెలియడం లేదు. మా అమ్మాయి ఇంట్లో నలుగురం ఉన్నాం. ఇల్లు ఇద్దరు అంటోంది.

తలుపులు తెరుచుకోకపోవడం ఊహించిందే. గాలి సంగతి ఊహించలేదు. మనుషులు లేని గదికి గాలి సర్వీసు ఫ్యాను ఆపేస్తుంది, పొదుపు. నేనొక్కదాన్నే ఏ గదిలోనైనా ఉంటే కాసేపటికి దీపం ఆరుతుంది, ఆ తర్వాత ఫ్యాను ఆగుతుంది. తలుపు ఎటూ తెరుచుకోదు. నేనూ నూకాలూ కలిసి కూర్చున్నా అంతే, రెండు సున్నాలు కలిస్తే సున్నాయే. స్నానానికైనా నిద్రకైనా పేరున్న మనిషి పక్కన ఉండాలి. కూతురినీ అల్లుడినీ కాపురం కూడా చేసుకోనివ్వకుండా వాళ్ళ గదిలో చాపేసుకుని పడుకుంటున్నాం. నాలుగడుగుల గదిలోంచి బయటపడి, ఊరంత గదిలో పడ్డాను.

నూకాలు మాత్రం ఊరుకోదు. ప్రతి తలుపు ముందూ నిలబడి "నూకాల్ని, వొచ్చినాను" అని గట్టిగా చెబుతుంది. తలుపు తెరవదు. పక్కన ఎవరున్నారో వాళ్ళకే తెరుచుకుంటుంది. అయినా రేపు మళ్ళీ చెబుతుంది. పైవాళ్ళకి ఉత్తరం పంపించాం. జవాబు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు.

ఈ పూట పెద్దలు వచ్చారు. నీళ్ళు తోడే పంపులు మొరాయిస్తున్నాయి, కట్టలో ఉన్న పంపుల వెర్షన్ ఎక్కించాలి. ఇప్పుడు కాపరి దమయంతి. మార్చేవాళ్ళు లోపల ఉండాలి, నిలబడకుండా అప్‌డేట్ ఊరు ఒప్పుకోదు.

"నిలబడతాను," అంది దమయంతి.

అది నిలబడితే గది 'ఒకరు' అంటుంది. మళ్ళీ అదే కథ. పేరున్న మనిషి ఎవరూ ఆ గదిలో ఇక నిలబడలేరు. పెద్దలు నేల చూపులు చూస్తున్నారు. వాళ్ళు ఎందుకొచ్చారో నాకు అప్పుడర్థమైంది. వాళ్ళు అడగకముందే, నేను నిలబడతానని నేనే చెప్పాను.

"ఒద్దమ్మా," అంది దమయంతి. "మనుసులున్నారని దానికి తెలీదు. తొమ్మిది దాటితే నీళ్ళొదిలేత్తాది."

"తెలీదు గాబట్టే నాను ఎల్లగలను. నువ్వెల్తే తలుపే తెరుసుకోదు."

నూకాలు అప్పటికే చీర కుచ్చెళ్ళు పైకి దోపుతోంది. "ఇంటికొకరు గదా రూలు. మా ఇంటి నుంచి నానొత్తాను. ఎలాగూ ఇంకో పని నేదు."

నమోదు 10. తలుపు మూసి పావుగంట.

దమయంతి గొట్టంలోంచి ఒక్కో మెట్టూ చదివి చెబుతోంది. గొంతు స్థిరంగా ఉంది. కాపరి గొంతే. కొత్త పంపుల డబ్బా లేచింది. ఈ రెండు రోజులూ నూకాలు గడప దాటడం సాధన చేసింది, ఏడు అంకెలకి వచ్చింది. ఆమె తలుపుకి ఆనుకుని ఉంది, నేను వెనక ఉన్నాను. ధర్మారావు అవతల మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచి ఉంటాడు. ఇలా ఇంకో ఐదు సర్వీసులున్నాయి.

తలుపు ఇప్పుడే 'గది ఖాళీ' అంది. ఒక నిమిషం ఉంది.

నూకాలు అరచేత్తో తలుపుని చరిచింది. "కళ్ళు పోయినాయేటే నీకు?" అంది.

ముందు రాయాల్సింది ఈసారి చివర రాస్తున్నాను. ఈ పుస్తకం ఏ డబ్బాలోనూ లేదు, దీన్ని ఎవరూ కొట్టెయ్యలేరు.

లోపల ఇద్దరం.